పల్స్-ఛేజ్‌లో కోల్డ్ ల్యూసిన్ అంటే ఫ్రిజ్‌లోంచి తీసిందా?

నాగావళిఒడ్డు (శ్రీకాకుళం):
ఎమ్మెస్సీ జువాలజీ ఫస్టియర్ అండి, సెమినార్‌కి నాకు పల్స్-ఛేజ్ పడింది, అంటే సెల్‌లో తయారైన ప్రోటీన్ ఎటు వెళ్తుందో చూసే ప్రయోగం. గినీపిగ్ పాంక్రియాస్ ముక్కలకి 3 నిమిషాలు ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) ఉన్న ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఇచ్చి, అది పల్స్, తర్వాత కోల్డ్ ల్యూసిన్ పోస్తారని, అది ఛేజ్ అని ఉంది. చల్లటిది పోసి సెల్ పని ఆపేస్తారు కాబోలు అనుకుని స్లైడ్‌లో ఐసు ముక్కల బొమ్మ కూడా పెట్టేసాను, మా రూమ్మేట్ గుంట చూసి పగలబడి నవ్వింది, అలాగని దానికీ తెలీదు. ఇంకోటి, ఇన్ని నిమిషాలకి ఇక్కడ, అన్ని నిమిషాలకి అక్కడ అంటున్నారు కదా, మరి ఒకే సెల్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టుకుని రెండు గంటలు చూస్తూ కూర్చున్నారా ఏటి? ఎల్లుండే సెమినార్, ప్లీజ్.

కంటోన్మెంట్ మేష్టారు (విజయనగరం):
ముందు ఆ ఐసు బొమ్మ తీసేయమ్మా 😀 కోల్డ్ అంటే రేడియోధార్మికత లేనిది, ఉన్నది హాట్, ల్యాబ్‌లో అలా అనడం అలవాటు అంతే. ముక్కలు 37 డిగ్రీల్లోనే ఉంటాయి, సెల్ తన పని చేసుకుంటూనే ఉంటుంది.
మా ఊళ్ళో సిరిమాను జాతర రోజు మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర నిలబడి కోట వైపు వెళ్ళే జనానికి 3 నిమిషాలు మాత్రం కుంకం బొట్టు పెట్టి ఆపేసావనుకో. జనం వస్తూనే ఉంటారు, కానీ బొట్టున్నవాళ్ళు ఒక గుంపుగా ముందుకి పోతారు, ఎంతసేపటికి ఎక్కడున్నారో చూసుకోవచ్చు. పొద్దున్నుంచీ అందరికీ పెడుతూనే ఉంటే రోడ్డంతా బొట్లే, ఇంకేం తెలుస్తుంది? కోల్డ్‌ది బాగా ఎక్కువ పోసేది అందుకే, మిగిలిపోయిన హాట్ ల్యూసిన్ కొత్త ప్రోటీన్లలోకి ఎక్కకుండా.

పాతల్యాబ్‌మనిషి (బొబ్బిలి):
రెండో డౌటు నేను చెప్తా. ఒకే సెల్‌ని చూడరమ్మా, చూడలేరు కూడా. ఒకేసారి లేబుల్ చేసిన ముక్కలు చాలా ఉంటాయి, ఒకదాన్ని 3 నిమిషాల పల్స్ అవగానే ఫిక్స్ చేస్తారు అంటే అక్కడికి చంపేసినట్టే, ఛేజ్ మొదలయ్యాక 7 నిమిషాలకి ఇంకోటి, 37కి ఇంకోటి, 117కి ఇంకోటి. తర్వాత పల్చగా కోసి, ఫొటో ఎమల్షన్ పూసి, చీకటి డబ్బాలో వారాల తరబడి ఉంచడం, రేడియేషన్ తగిలినచోట ఎమల్షన్‌లో వెండి రేణువు ఏర్పడుతుంది. నాది ఒకసారి ఆరు వారాల డబ్బా, డార్క్‌రూమ్ తలుపు ఎవరో తీసేసారు, మొత్తం పోయింది, ఆ రోజు అన్నం తినలేదు.
డెవలప్ చేసాక ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో వెండి రేణువులు నల్లగా, వానపాము ముడుచుకున్నట్టు కనిపిస్తాయి, ఏ భాగం మీద ఎన్నున్నాయో లెక్కపెట్టడమే పని. మొదట ప్రోటీన్ తయారయ్యే రఫ్ ఈఆర్ మీద, 7కి దాన్ని సర్దే గాల్జీ అంచుకి, 37కి అది చిక్కబడే సంచులు కండెన్సింగ్ వాక్యూల్స్‌లోకి, 117కి బయటికి పంపేదాకా నిలవుంచే జైమోజెన్ గ్రాన్యూల్స్‌లోకి. ట్రిటియం నుంచి వచ్చే బీటా కణం చాలా బలహీనం, దూరం పోలేదు కాబట్టి రేణువు ఉన్నచోటే దాదాపుగా ప్రోటీన్ ఉన్నట్టు. అదే ఫాస్ఫరస్-32 అయితే ఎక్కడికో ఎగిరిపోతుంది.

నాగావళిఒడ్డు:
అమ్మో థాంక్సండి ఇద్దరికీ. అయితే మేష్టారూ, జాతరలో వెనకోళ్ళు తోస్తే ముందోళ్ళు కదిలినట్టు, కొత్త ప్రోటీన్లు తోస్తేనే పాతవి వెళ్తాయా?

కంటోన్మెంట్ మేష్టారు:
కాదమ్మా, అక్కడ నా జాతర పనికిరాదు. ఈ ప్రయోగం చేసిన జేమీసన్, పెలాడ్ 1968లో సైక్లోహెక్సిమైడ్ అనే మందు వేసి ప్రోటీన్ తయారీ ఆపేసి చూసారు, అప్పటికే తయారైనవి మామూలుగానే వెళ్ళిపోయాయి. సెల్‌కి శక్తినిచ్చే ఏటీపీ అందకుండా చేస్తే మాత్రం ఈఆర్ దాటలేదు. పెలాడ్‌కి 1974లో నోబెల్ వచ్చింది, అది కూడా స్లైడ్‌లో వేసుకో, అడుగుతారు.

నాగావళిఒడ్డు:
వేసాను. ఐసు తీసేసి సిరిమాను బొమ్మ పెట్టా, రూమ్మేట్ మళ్ళీ నవ్వుతోంది.