నల్లంచి, పెద్ద నల్లంచి, కంప నల్లంచి: చూడగానే తేడా ఎలా పట్టాలి?

ఊరిచివర ఇల్లు
కర్నూలు దగ్గర ఉంటాం. ప్రహరీ గోడ మీద ఓ పిట్టల జంట రోజూ తిరుగుతోంది. మగది ఒళ్లంతా నలుపు, తోక ఎప్పుడూ నిటారుగా ఉంటుంది. ఆడది మట్టి రంగు. పొలం వైపు తీగల మీద ఇలాంటిదే ఇంకో నల్ల పిట్ట కూర్చుంటోంది, దానికి తెలుపు కాస్త ఎక్కువ. ఇంట్లోవాళ్లు రెండూ నల్లంచే అంటున్నారు. పక్షుల పేర్లు చెప్పే యాప్ ఒకసారి రాబిన్ అంటోంది, ఒకసారి బుష్‌చాట్ అంటోంది. కచ్చితంగా ఎలా తేల్చుకోవాలి? ఇంకో సంగతి కూడా ఉంది. ఏసీ పైపు కోసం గోడకు తొలిచిన కన్నంలోకి ఈ జంట గడ్డి మోస్తోంది. పైపు వేయించడానికి ఎన్నాళ్లు ఆగాలి? మగది బైకు అద్దాన్ని పొడుస్తోంది కూడా, ఎందుకు?

చెరువుగట్టు
నలుపు చూసి మొదలుపెడితే ఏదీ తేలదండి. తెలుపు ఒంటి మీద ఎక్కడుంది, తోక కింద ఏ రంగుంది, ఈ రెండూ చూడండి.

మీ గోడ మీద ఉన్నది నల్లంచి, అంటే ఇండియన్ రాబిన్. పొడవు 16–17 సెం.మీ., పిచ్చుకంతే ఉంటుంది, కానీ కాళ్లూ తోకా పొడుగు. మగదానికి భుజం దగ్గర చిన్న తెల్ల పట్టీ ఉంటుంది. రెక్క ముడుచుకుంటే అది సన్నటి గీతలా కనిపిస్తుంది, ఒక్కోసారి అసలు కనిపించదు. ఎగిరినప్పుడే తళుక్కుమంటుంది. కాబట్టి ఫోటోలో తెలుపు లేదని నల్లంచి కాదనుకోవద్దు. తోక మొదట్లో అడుగున ఈకలు ముదురు ఇటుక రంగులో ఉంటాయి. ఇది తోకను వీపు మీదికి వంచినంతగా ఎత్తుతుంది కాబట్టి వెనక నుంచి చూస్తే ఆ రంగు తప్పకుండా దొరుకుతుంది. ఆడదానికి రెక్కలో తెలుపు ఉండదు, ఒళ్లు బూడిద కలిసిన మట్టి రంగు, తోక కింద మాత్రం అదే ఇటుక రంగు.

పుస్తకంలో బొమ్మతో పోల్చి చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఉత్తరాదిలో ఇదే పక్షి మగదానికి వీపు గోధుమ రంగులో ఉంటుంది. అది వేరే ఉపజాతి. మన వైపు వీపు కూడా నలుపే.

తీగ మీద ఉన్నది కంప నల్లంచి, పైడ్ బుష్‌చాట్. 13 సెం.మీ.కి మించదు, పిచ్చుక కంటే చిన్నది. మగదానికి తెలుపు మూడు చోట్ల ఉంటుంది: రెక్క మీద, నడుం మీద (తోక మొదలయ్యే చోట పైభాగం), పొట్ట చివర. ఎగిరి దూరంగా పోతున్నప్పుడు నడుం మీద తెలుపు కనిపించిందా, ఇక అనుమానం అక్కర్లేదు. ఇటుక రంగు ఈకలు మగదానికి ఎక్కడా ఉండవు. కంప కొమ్మ చివరో, జొన్న కంకి మీదో, తీగ మీదో కూర్చుని కిందికి చూస్తుంటుంది, పురుగు కనబడగానే దిగి పట్టుకుని మళ్లీ పైకి వస్తుంది. నల్లంచి అలా కాదు. ఎక్కువసేపు నేల మీదే గెంతుతూ చీమల్ని, చెదల్ని, చిన్న పురుగుల్ని ఏరుకుంటుంది. పొద్దుగూకాక వీధి దీపం కింద రాలిన పురుగుల కోసం తిరిగేదీ ఇదే.

కోనసీమ తోట
పెద్ద నల్లంచి సంగతి నేను చెబుతాను. ఇది ఓరియెంటల్ మాగ్‌పై రాబిన్, కొన్నిచోట్ల సరేలగాడు అనేవారు. 19–20 సెం.మీ., దాదాపు పిగిలిపిట్టంత. మగదాని తల, గొంతు, రొమ్ము, వీపు నీలం మెరుపున్న నలుపు, పొట్ట తెలుపు, రెక్క పొడవునా తెల్ల చార, తోక అంచులు తెలుపు. ఆడదానికి ఇదే అచ్చు, నలుపు ఉండాల్సిన చోట బూడిద రంగు. తోక ఇదీ ఎత్తుతుంది. అందుకే తోక ఒక్కటే చూసి పేరు పెట్టేయకండి, పొట్ట చూడండి.

చోటు కూడా సాయం చేస్తుంది. రాళ్లూ తుప్పలూ ఉన్న మెట్ట నేల నల్లంచిది. నీడ, రాలిన ఆకులు, తడి ఉన్న తోటలూ పెరళ్లూ పెద్ద నల్లంచివి. ఊళ్లలో రెండూ ఒకే వీధిలో కనిపిస్తాయి, ఆ మాటా నిజమే.

పెద్ద నల్లంచి పాట విషయంలో యాప్‌ను పూర్తిగా నమ్మొద్దు. వేసవిలో తెల్లవారకముందే పైకొమ్మ మీదో, యాంటెనా మీదో కూర్చుని మగది గంటల తరబడి పాడుతుంది, మధ్యమధ్య వేరే పక్షుల కూతల్ని అనుకరిస్తుంది. యాప్ వాటినీ లెక్కలో వేసి అక్కడ లేని పక్షి పేరు చూపించవచ్చు. పాడుతున్న పక్షిని కళ్లారా చూసి రాసుకోండి. గుడ్లు పెట్టే కాలం దాటాక పాట దాదాపు ఆగిపోతుంది, గరగరమనే కూతే వినిపిస్తుంది. అప్పుడు పక్షి వెళ్లిపోయిందనుకుంటారు, అది అక్కడే ఉంటుంది.

తూర్పు కనుమల దట్టమైన అడవిలో ఇలాంటిదే పొడుగు తోకతో, ఇటుక రంగు పొట్టతో, తెల్లటి నడుంతో కనిపిస్తే అది షామా. ఊళ్లోకి రాదు.

నల్లరేగడి
చలికాలంలో ఇంకో మోసం ఉంది, అది ఎవరూ చెప్పలేదు. అక్టోబరు నుంచి మార్చి దాకా బ్లాక్ రెడ్‌స్టార్ట్ అనే పిట్ట వలస వస్తుంది. దాని ఆడది కూడా మట్టి రంగే, గోడల మీదే తిరుగుతుంది. ఆడ నల్లంచి అని ఎక్కువగా పొరబడేది దీన్నే. రెడ్‌స్టార్ట్ తోక ఎత్తి నిలపదు, చలికి వణికినట్టు క్షణం ఆగకుండా ఆడిస్తుంది. నడుమూ తోక పక్కలూ ఇటుక రంగులో ఉంటాయి, అంటే ఆ రంగు పైనుంచే కనిపిస్తుంది. నల్లంచికి కిందనుంచి మాత్రమే.

డాలస్ పెరడు
ఇక్కడ అమెరికాలో రాబిన్ అనేది వీటికి దగ్గరి చుట్టం కాదు. అది 25 సెం.మీ. ఉండే, థ్రష్ కుటుంబానికి చెందిన పక్షి, నారింజ-ఇటుక రొమ్ము, పచ్చిక మీద వానపాముల్ని లాగి తింటుంది. ఇంగ్లండ్ రాబిన్ 14 సెం.మీ. పిట్ట, ముఖమూ రొమ్మూ నారింజ రంగు. అక్కడి నుంచి వలస వచ్చినవాళ్లు ఎర్ర రొమ్ము చూసి ఇక్కడి పక్షికి ఆ పేరు పెట్టేశారు. ఇంటర్నెట్‌లో రాబిన్ గూడు, రాబిన్ గుడ్లు అని వెతికితే ఎక్కువగా ఈ రెండింటి సమాచారమే వస్తుంది, మన నల్లంచికి అది పనికిరాదు. పూర్తి పేరుతో వెతకండి.

ఊరిచివర ఇల్లు
తోక కింద ఇటుక రంగు ఉంది, జంట ఇద్దరికీ. తీగ మీది దానికి నడుం తెలుపే. ఇప్పుడు స్పష్టంగా అర్థమైంది, అందరికీ ధన్యవాదాలు. మరి కన్నం సంగతి?

చెరువుగట్టు
ఇంకా గడ్డే మోస్తుంటే నెలన్నర ఆగండి. లోపల వెంట్రుకలు, పీచు పరిచి గూడు ముగిస్తాయి. పాము కుబుసం ముక్కలు కనిపించినా భయపడొద్దు, నల్లంచి వాటిని తెచ్చి గూట్లో పెట్టుకుంటుంది. తర్వాత మామూలుగా మూడు నాలుగు గుడ్లు. ఆడదే పొదుగుతుంది, 10–12 రోజులు. పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాల దాకా పడుతుంది. అవి వెళ్లిపోయాయని రెండు మూడు రోజులు చూసుకుని, కన్నం శుభ్రం చేసి వెంటనే పైపు వేయించండి. ఖాళీగా ఉంచితే అదే చోట మళ్లీ పెట్టే వీలుంది.

ఈలోగా కన్నంలోకి టార్చి వేసి చూడొద్దు, ఫోన్ దూర్చి ఫోటో తీయొద్దు. గుడ్లు పెట్టిన మొదటి రోజుల్లో కదిలిస్తే గూడు వదిలేయొచ్చు. మీరు పదేపదే అక్కడికి వెళ్తుంటే కాకీ, జెముడు కాకీ ఆ చోటు కనిపెడతాయి. కన్నం కింద బైకు, డ్రమ్ము లాంటివి పెట్టకండి, పిల్లికి మెట్లవుతాయి.

అద్దంలో కనిపించేది తన హద్దులోకి వచ్చిన ఇంకో మగది అనుకుని పొడుస్తోంది. గుడ్ల కాలమంతా ఇదే వరస, రోజంతా పోట్లాడి అలసిపోతుంది. బైకు ఆపగానే అద్దాలకు పాత సాక్సు తొడగండి. కిటికీ అయితే బయటి వైపు నుంచి కాగితం అంటించాలి. లోపల కర్టెన్ వేస్తే ప్రతిబింబం ఇంకా బాగా పడుతుంది. ఇదే కారణంతో ఫోన్‌లో దాని పాట పెట్టి పిలవకండి. ఫోటో కోసం కొందరు ఆ పని చేస్తున్నారు, చాలా తప్పు. పక్షి మేత, పిల్లలు వదిలేసి లేని శత్రువును వెతుక్కుంటుంది.

కోనసీమ తోట
పిల్ల కింద పడితే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. ఒంటి నిండా ఈకలుండి గెంతుతుంటే అది పడింది కాదు, గూడు దాటింది. ఎత్తి దగ్గర్లోని పొదలో పెట్టి దూరం జరగండి, తల్లీతండ్రీ వచ్చి మేపుతాయి. ఈకలు రాకపోతే తిరిగి కన్నంలోనే పెట్టండి, మనిషి చేయి తగిలితే తల్లి రాదన్నది నిజం కాదు. పాలూ అన్నం నోట్లో పెట్టొద్దు, అది పురుగులు తినే పిల్ల. పంజరంలో పెట్టి పెంచితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

పైపు వేయించాక వాటికి ఇంకో చోటు ఇవ్వాలనుకుంటే, అడుగు 6 అంగుళాల చదరం, లోతు 8 అంగుళాలు ఉండే చెక్క పెట్టె ఒకటి చేయించి, ముందు వైపు 2 అంగుళాల గుండ్రటి కన్నం పెట్టించండి. కన్నం అంతకంటే పెద్దదైతే గోరింకలు ఆక్రమించుకుంటాయి. అడుగున నీళ్లు కారడానికి నాలుగు చిల్లులు పెట్టాలి. కన్నం ముందు కర్ర పెట్టొద్దు, వీటికి అక్కర్లేదు, కాకికి పనికొస్తుంది. పడమటి ఎండ పడని గోడకు ఏడెనిమిది అడుగుల ఎత్తున బిగించండి.