అప్‌డేట్: గండికోట దగ్గర కొండవాలు ఇల్లు

గండికోట దగ్గరున్న మా కొండవాలు జాగాలో కశ్మీర్ గుల్మార్గ్‌లో మంచుమీద స్కీయింగ్ చేసేవాళ్లు దిగే స్కీ క్యాబిన్ లాంటి ఇల్లు కుదురుతుందా అని అడిగాను కదా, ప్లాన్ ఖాయమైంది. అక్కడ కప్పు అంత ఏటవాలుగా ఉండేది మంచు జారిపోవడానికి. మాకు ఆ అవసరం లేదు కాబట్టి వాలు తగ్గించి, నీడ కోసం చూరు బాగా బయటికి లాగాం. చలి ప్రాంతాల్లో ఎండ కోసం దక్షిణాన పెద్ద అద్దాలు పెడతారు. మేం ఉత్తరాన పెట్టి, పడమటి గోడను కిటికీల్లేకుండా ఎర్ర ఇసుకరాయితో మందంగా కట్టిస్తున్నాం. కోట గోడలదీ ఆ రాయే, రంగు కలిసిపోతుంది.

వాలంతా జేసీబీతో చదును చేద్దామన్నాడు బేల్దారి. ఒప్పుకోలేదు, ఇల్లే రెండు మెట్లుగా దిగుతుంది. లోపల నేలకు కడప బండ, వరండాకు మాత్రం వద్దు (మే నెలలో నల్ల బండమీద కాలు పెట్టి చూడండి!). మా బామ్మర్దికి ఫైర్‌ప్లేస్ కావాలంట, ఆ వాదన ఇంకా నడుస్తోంది.