భ్రంశం: భూకంపానికి కారణమా, ఫలితమా?

"భూకంపం ధాటికి భూగర్భంలో పగుళ్లు ఏర్పడ్డాయి" అనే వాక్యంలో తప్పేముందని ఒకరు అడిగారు. వ్యాకరణం బాగానే ఉందండీ, కార్యకారణాలే తారుమారయ్యాయి. లోపలి శిలలు సాధారణంగా ఓ పాత చీలిక వెంట ఒక్కసారిగా జారతాయి, ఆ జారుడుకే నేల కంపిస్తుంది. పైన గోడలు బీటలివ్వడం మాత్రం కంపం వల్లే.

ఆ చీలికకు పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాట భ్రంశం. జారిపడటం, స్థానం తప్పడం అని అర్థం. మతిభ్రంశంలోనూ అపభ్రంశంలోనూ ఉన్నది ఇదే. పగులు అంటే విడిపోవడమే. రెండు వైపుల రాయీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పక్కకో, పైకో, కిందికో జరిగితేనే భ్రంశం. నల్లరేగడిలో ఎండకు పడే నెర్రెలకు దీంతో సంబంధం లేదు.

ఈ తికమక చాలా పాతది. 19వ శతాబ్దంలో ఎందరో శాస్త్రజ్ఞులు కూడా భూకంపమే నేలను చీలుస్తుందనుకున్నారు. 1891 అక్టోబర్ 28న జపాన్‌లో మినో-ఓవారి భూకంపం వచ్చాక కోటో బుంజిరో అనే భూవిజ్ఞాని అక్కడి నెయో లోయంతా పరిశీలించాడు. మిదోరి దగ్గర చదును నేల ఆరు మీటర్ల గట్టులా లేచి ఉంది. ఈ భ్రంశమే భూకంపానికి మూలమని ఆయన తేల్చి చెప్పాడు.

1906లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపంతో విషయం ఇంకా స్పష్టమైంది. శాన్ ఆండ్రియాస్ భ్రంశం దాదాపు 470 కిలోమీటర్ల పొడవునా తెగింది. దాని మీదుగా వెళ్లే ఓ పొలం కంచె రెండు ముక్కలైంది. తెగిన కొసలు ఎదురెదురుగా లేవు, రెండున్నర మీటర్ల ఎడంలో నిలిచాయి. 1850ల నుంచి జరిగిన సర్వే కొలతలను పోల్చి చూసిన అమెరికా శాస్త్రజ్ఞుడు హ్యారీ రీడ్, ఆ నేల అంతకు ముందు నుంచే మెల్లగా వంగుతూ వచ్చిందని గుర్తించాడు. వేపపుల్లను వంచుతూ పోతే పట్టు ఉన్నంతసేపు ఓర్చుకుని టప్పున విరిగినట్టే ఇదీ. అందుకే భ్రంశం ఇలా ఒక్కసారిగా విడివడటాన్ని చెప్పే ఇంగ్లిష్ మాట 'రప్చర్'కు 'పగలడం' కన్నా 'తెగడం' సరిపోతుందని నా అభిప్రాయం. లాగుడు, ఒత్తిడి, వాటి నుంచి విడుదల, మూడూ ఆ మాటలో వినిపిస్తాయి.

మన దేశంలో అంతకన్నా పాత సాక్ష్యమే ఉంది. 1819 కచ్ భూకంపంలో ఉప్పునేల మీద పొడవాటి గట్టు లేచింది. స్థానికులు దాన్ని అల్లాబంద్ అన్నారు, అంటే దేవుడు కట్టిన కట్ట. మనుషులు కట్టిన కట్టలకు భిన్నమైనదని ఆ పేరే చెబుతోంది. ఇంతకన్నా మంచి పేరు శాస్త్రజ్ఞులు కూడా పెట్టలేరు.

2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. గోదావరి లోయ అంచుల్లో పాత భ్రంశాలున్నాయి. ఇలాంటి ప్రతిసారీ "భూమి పొరల సర్దుబాటు" అంటాం. ఏది ఎక్కడ జారిందో అందులో ఉండదు. "భ్రంశం వెంట శిలలు జారడంతో భూమి కంపించింది" అని రాస్తే చాలు, పిల్లలకైనా అర్థమవుతుంది.

ఇంకొకటి. 'భ్రంశ రేఖ' అన్నది నేల మీద కనిపించే గీతకే చెల్లుతుంది. లోపలికి కిలోమీటర్ల కొద్దీ దిగేది గీత కాదు, భ్రంశ తలం.