ఉప్పుగాలికి నిలిచే పూత ఏది? జీపు కింది ఇనుప భాగాలకు

బరంపురం నుంచి అడుగుతున్నాను. పాత డీజిల్ జీపు క్రాస్ మెంబరు, ఛాసీ బ్రాకెట్లు, స్ప్రింగు షాకిళ్లు విప్పి ఉన్నాయి. బండి రోజూ గోపాలపూర్ తీరానికి వెళ్లొస్తుంది కాబట్టి ఉప్పుగాలి, వానాకాలం బురద రెండూ తప్పవు.

మొదట వైరు బ్రష్షుతో తుప్పు గీకి, రెడాక్సైడ్ ప్రైమరు రెండు కోట్లు, పైన నల్ల ఎనామిల్ వేయించాను. ఒక్క వానాకాలం తిరిగేసరికి అంచుల దగ్గర, వెల్డింగు గీతల వెంట బుడగలు లేచాయి. గోరుతో గీకితే పెచ్చు ఊడి, కింద ఎర్రటి తుప్పు. తర్వాత జింక్ స్ప్రే డబ్బా కొట్టి చూశాను. చదునైన చోట బాగానే నిలిచింది గానీ, చక్రం కంకర విసిరే చోట లేచిపోయింది.

ఈసారి శాండ్‌బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి తుప్పు వదలగొట్టడం) ఖాయం. ఇక్కడి తేమకి బ్లాస్టింగ్ అయిన రోజే ప్రైమర్ పడాలి, అది తెలుసు. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి, వేడికి కరిగించి పట్టించే పూత) వాళ్లు 200 డిగ్రీల ఓవెన్‌లో పెడతామన్నారు. రబ్బరు బుష్షులు ముందే తీసేశాను, ఆ ఇబ్బంది లేదు. రాయి తగిలి పొర చిట్లితే మాత్రం దాని కిందే తుప్పు పాకుతుంది, పైకి కనపడి చావదు. టూ-ప్యాక్ (రెండు డబ్బాలు కలిపి వేసే) ఎపాక్సీ ప్రైమరు, మీద పీయూ (పాలీయురెథేన్ పెయింటు) అయితే టచప్ ఇంట్లోనే చేసుకోవచ్చు. గాల్వనైజింగ్ వద్దనుకున్నాను; 450 డిగ్రీల జింకు తొట్టిలో ముంచితే పల్చటి బ్రాకెట్లు వంకరపోవచ్చు.

సముద్రం పక్క ఊళ్లలో బండి నడిపేవాళ్లు చెప్పండి: ఇలాంటి భాగాలకు ఎపాక్సీ-పీయూ ఎక్కువ ఏళ్లు నిలిచిందా, జింక్ ప్రైమర్ మీద పౌడర్ కోటింగా?