కామిక్స్ ఆర్టిస్టు బయట గీసిన బొమ్మలు లెక్కలోకి వస్తాయా, రావా?

ఇంకుబుడ్డి (వడపళని):
మన చెన్నై తెలుగు ఆర్టిస్టుల గ్రూపు కామిక్స్ ప్రదర్శన పెడదామనుకుంటోంది కదా, దానికి ఏం పెట్టాలన్న దాని మీద వాట్సాప్‌లో ఒకటే గోల. అక్కడ అరుచుకునే బదులు ఇక్కడ తీరిగ్గా రాస్తే మేలని తెచ్చాను. మనిషికో బోర్డు ఇస్తున్నారు. కొందరు దాని మీద నవలల అట్టబొమ్మలు, సినిమా స్టోరీబోర్డులు (తీయబోయే షాట్లను ముందే గీసే బొమ్మలు), యాడ్ల బొమ్మలు, ఆఖరికి శుభలేఖ మీద వేసిన వినాయకుడిని కూడా అంటిస్తామంటున్నారు. నేను వద్దంటున్నాను.

కామిక్స్ అంటే రెండు గడుల (ప్యానెళ్ల) మధ్య ఖాళీలో జరిగే పని. మొదటి గడిలో ఒక చెయ్యి తలుపు గొళ్లెం మీద ఉంది, రెండో గడిలో ఖాళీ గది, కింద పడి ఉన్న ఒక చెప్పు. మధ్యలో ఏం జరిగిందో చదివేవాడే ఊహించుకుంటాడు. అట్టబొమ్మకు ఆ బాధ లేదు, పుస్తకాల షాపులో ఒక్క చూపుకు పడిపోవాలి అంతే. నేనూ స్టోరీబోర్డులు గీసే బతుకుతున్నాను, ఇంటి అద్దె దాంతోనే కడుతున్నాను, అయినా అవి నా కామిక్స్ అని ఎవరికీ చూపించను. అన్నీ కలిపేస్తే చూడటానికి వచ్చినవాడు ‘ఓహో, బొమ్మలు బాగా వేస్తారు’ అనేసి పోతాడు. ఆ మాట వినడానికా ఇంత కష్టం?

పాతచందమామ (మైలాపూర్):
బాబూ, వడపళనిలో ఉంటూ ఈ మాట అంటున్నావా! మీ ఆర్కాట్ రోడ్డు మీదే కదా చందమామ ఆఫీసు ఉండేది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు తెలుగులో, తమిళంలో మొదలుపెట్టిన ఆ పత్రికలో నువ్వు చెప్పే గడుల కామిక్స్ ఎన్ని? ఎక్కువ భాగం కథ పక్కన బొమ్మే. చిత్ర, శంకర్, ఎం.టి.వి. ఆచార్య, అట్టల మీద వడ్డాది పాపయ్య గారు. వీళ్లందరినీ నీ ప్రదర్శన గుమ్మం దగ్గరే ఆపేస్తావన్నమాట.

శంకర్ గారి విక్రమార్కుడినే చూడు. ఒక చేతిలో దూసిన కత్తి, భుజాన వేలాడే శవం. దానికి ముందు గడి లేదు, వెనక గడి లేదు. అయినా రాజు నడుస్తున్నాడనీ, కాసేపట్లో ఆ శవం నోరు తెరుస్తుందనీ, రాజు జవాబు చెప్పగానే మళ్లీ చెట్టెక్కుతుందనీ చదివే పిల్లాడికి తెలుసు. నువ్వు రెండు గడుల మధ్య వెతుకుతున్న ఖాళీ ఆ ఒక్క బొమ్మలోనే ఉంది. తెలుగువాళ్లకు కథబొమ్మే రాజమార్గం, కామిక్స్ దాని పక్క సందు. సందులో నిలబడి రాజమార్గాన్ని ‘బయట’ అంటే ఎలా?

బాపు గారి సంగతి చెప్పు. మద్రాసులో లా చదివి, 1955లో ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. కార్టూన్లు వేశారు, బుడుగుకు బొమ్మలు వేశారు, లెక్కలేనన్ని పుస్తకాలకు అట్టలు వేశారు, 1967లో సాక్షితో సినిమాల్లోకి వెళ్లి షాట్లు ముందే బొమ్మలుగా గీసుకుని తీశారు. వీటిలో ఏది అసలు, ఏది బయట?

రెడ్‌పెన్ను (టి.నగర్):
బాపు గారి మీద చెన్నైలో ఒక్క మాటంటే తెలుగువాళ్లు చెప్పులు తీస్తారని తెలుసు, అయినా అంటాను. ఆయన గీతకు నేనూ దాసుడినే. కానీ బయటి పనికి ఒక జబ్బుంది. వచ్చిన ప్రతివాడూ ‘అచ్చం మీ స్టైల్లోనే కావాలండీ’ అంటాడు. ఆ వాలుజడ, ఆ పెద్ద కళ్లు, ఆ అక్షరాలు. ఆయన గీసినప్పుడు అది చూపు, తరువాత మనందరం శుభలేఖల మీదా క్యాలెండర్ల మీదా వేసి వేసి దాన్ని అచ్చుదిమ్మ చేసేశాం. ఇప్పుడు కొత్తగా వచ్చిన కుర్రాడికి అత్తగారిని గీయమంటే బాపు అత్తగారే వస్తుంది, వాళ్ల పక్కింటి అత్తగారు రాదు.

ఆర్.కె. లక్ష్మణ్ ఏషియన్ పెయింట్స్‌కు 1954లో వేసిన గట్టూ గుర్తున్నాడా? నుదుటి మీద పడే జుట్టు, చేతిలో కారుతున్న బ్రష్షు. ముద్దొస్తాడు, కాదనను. కానీ 2000ల మొదట్లో కంపెనీ పక్కన పెట్టేదాకా వాడు అలాగే ఉన్నాడు, ఎందుకంటే వాడి ఉద్యోగమే మారకుండా ఉండటం. క్లయింటుకు కావలసింది బొమ్మ కాదు, గుర్తు. కాబట్టి నా ఓటు ఇంకుబుడ్డికే.

పాతచందమామ (మైలాపూర్):
అలాగైతే లక్ష్మణ్ గారి కామన్ మ్యాన్ గళ్ల కోటు మాత్రం మారిందా నాయనా? అది పత్రిక కార్టూనే కదా, బయటి పని కాదే.

రెడ్‌పెన్ను (టి.నగర్):
😀 సరే, ఆ పాయింటు మీది. కోటు మారలేదు గానీ ఆయన చుట్టూ దేశం రోజూ మారింది కదండీ. గట్టూ చుట్టూ ఏం మారింది, రంగు షేడ్ తప్ప?

ఫ్రేమ్‌మీదఫ్రేమ్ (సాలిగ్రామం):
స్టోరీబోర్డును అట్టబొమ్మలతో కలిపి తీసిపారేయడం చూసి ఒళ్లు మండి రాస్తున్నాను. ఇప్పుడు నా బల్ల మీద ఒక ఫైటు సీను ఉంది. గడి మూలన షాట్ నంబరు, ఎర్ర బాణం కెమెరా కదలికకు, నీలం బాణం హీరోకు, మార్జిన్‌లో డైరెక్టర్ పెన్సిలుతో రాసిన ‘ఇంకా కింద నుంచి’. రౌడీ ఈ గడిలో కుడివైపు ఎగిరి వచ్చే గడిలో ఎడమ నుంచి పడితే ఎడిటరు తల పట్టుకుంటాడు. గడి నుంచి గడికి చూపు ఎలా నడుస్తుందన్నదే నా కూలి. ఇది కామిక్స్ బుర్ర కాకపోతే ఇంకేం బుర్ర?

ఇక మోబియస్. అసలు పేరు జాఁ జిరో, ఫ్రెంచి ఆయన, బ్లూబెర్రీ అనే కౌబాయ్ కామిక్స్ గీసేవాడు. 1975 ప్రాంతంలో హొడొరోవ్‌స్కీ అనే డైరెక్టరు డ్యూన్ నవలను సినిమా తీస్తానని ఆర్టిస్టులను పారిస్‌లో పోగేశాడు. మోబియస్ స్టోరీబోర్డూ, వేషాలూ గీశాడు. డబ్బు పుట్టక సినిమా ఆగిపోయింది. మామూలుగా అయితే ఇక్కడ ‘చూశారా, కామిక్స్ టైమంతా వృథా’ అనాలి. కానీ అదే ఆఫీసులో పని లేక కూర్చున్న డాన్ ఓబానన్ ఊసుపోక ఒక డిటెక్టివ్ కథ గీసుకుంటే, మోబియస్ అది చూసి నేను గీస్తానని తీసుకున్నాడు. అదే ద లాంగ్ టుమారో, అంతస్తుల మీద అంతస్తులు, కిందికి చూస్తే కళ్లు తిరిగే నగరం. 1982లో బ్లేడ్ రన్నర్ తీసిన రిడ్లీ స్కాట్ ఆ కామిక్స్ ప్రభావం తన సినిమా మీద ఉందని ఒప్పుకున్నాడు. ఓబానన్ తరువాత ఏలియన్ సినిమా రాస్తే దానికి స్పేస్‌సూట్లు మోబియసే గీశాడు. ఆగిపోయిన డ్యూన్ ఆలోచనలు కొన్ని 1980లో మొదలైన ఇంకాల్ కామిక్స్‌లోకి వచ్చాయి. సినిమా నుంచి కామిక్స్‌కు, కామిక్స్ నుంచి సినిమాకు. ఇందులో గీత ఎక్కడ గీస్తావు ఇంకుబుడ్డీ? నువ్వు గీయమన్నచోట గీయడానికి నేను రెడీ.

ఇంకుబుడ్డి (వడపళని):
గీస్తాను ఉండన్నా. అదే 1975 తరువాత ఆ బ్లూబెర్రీ కొన్నేళ్లు ఆగిపోయింది, ప్రచురణకర్తతో డబ్బు తగాదా ఒక కారణమనుకో, సినిమాల పని ఇంకో కారణం. పైగా మోబియస్ దగ్గర మెతాల్ ఉర్లాఁ ఉంది, తను స్నేహితులతో కలిసి పెట్టుకున్న పత్రిక. పక్కగదిలో పుట్టిన కథను వెంటనే వేసుకోవడానికి చోటు ఉంది. మనకేముంది? ఈ రోజు నేను పన్నెండు పేజీల కామిక్స్ పూర్తి చేస్తే తెలుగులో డబ్బిచ్చి వేసేవాడు ఎవరో చెప్పు. బయటి పని కామిక్స్‌కు మేత అంటారు, ఒప్పుకుంటాను, కానీ మేత తిన్న గేదెను కట్టేయడానికి పాక కూడా ఉండాలి కదా.

నా భయం కళ గురించి కాదు, చోటు గురించి. ఊళ్లో కామిక్స్‌కంటూ దొరికిందే ఆ ఒక్క హాలు, రెండు రోజులు. అందులో కూడా సినిమా బోర్డులు వస్తే జనం హీరో ముఖం ఉన్న దాని ముందే సెల్ఫీలు దిగుతారు. పక్కన ఎవరో ఆడపిల్ల రాత్రిళ్లు కూర్చుని గీసిన ఆరు పేజీల కథ ముందు ఎవరూ ఆగరు.

సెక్షన్17 (అడయార్):
మీరు కళా కాదా అని కొట్టుకుంటున్నారు గానీ, పెట్టే హక్కు మీకుందో లేదో ఎవరూ చూడట్లేదు. వృత్తిరీత్యా లాయర్ని, ఆర్టిస్టులు కాగితాలు పట్టుకుని వస్తుంటారు కాబట్టి చెబుతున్నాను. 1957 కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ చదవండి. పత్రికలో జీతానికి ఉండి వేసిన బొమ్మ అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికల్లో అచ్చు వేసే హక్కు మాత్రమే యజమానిది, మిగతా హక్కులు గీసినవాళ్లవే. అంటే పాతతరం పత్రికల ఆర్టిస్టులకు చట్టంలో మీరనుకునే దానికంటే ఎక్కువే ఉంది, అడిగినవాళ్లే తక్కువ. వేరే రకం ఉద్యోగమైతే కథ వేరు, పనిలో భాగంగా గీసింది యజమానిదే. బయటివాళ్లు డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగు, పోర్ట్రెయిటు అయితే మొదటి హక్కు డబ్బిచ్చినవాళ్లది.

ఫ్రీలాన్స్‌గా హక్కులు రాసిచ్చినవాళ్లు ఒప్పందంలో గడువు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే 19వ సెక్షన్ ప్రకారం అయిదేళ్లు, ఎక్కడివరకో రాయకపోతే ఇండియా వరకే. సంతకం పెట్టేశాక కూడా ‘ఇది గీసింది నేను’ అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద ఉంటుంది. కానీ చెప్పుకోవడం వేరు, బోర్డుకు తగిలించడం వేరు. ఫ్రేమ్‌మీదఫ్రేమ్ గారూ, రిలీజు కాని సినిమా బోర్డు హాల్లో పెడితే కాపీరైటు కంటే ముందు మీరు సంతకం పెట్టిన గోప్యత కాగితం మీ మెడకు చుట్టుకుంటుంది.

ఫ్రేమ్‌మీదఫ్రేమ్ (సాలిగ్రామం):
అమ్మో, ఆ కాగితం సంగతి మర్చిపోండి మేడమ్, అలాంటిది పెట్టను. ఎప్పుడో రిలీజై పోయిన సినిమావి ఉన్నాయి, ప్రొడ్యూసర్‌ను అడిగే తెస్తాను.

పాతచందమామ (మైలాపూర్):
లాయరు గారు మంచి మాట చెప్పారు. ఇంకుబుడ్డి చెప్పిన చోటు బాధ కూడా నాకు అర్థమైంది, అది ఉత్త మడి కాదు. అయినా ఇక్కడి తమిళులనే చూడండి. గోపులు గారు ఆనంద వికటన్ పత్రికలో జోకులకూ వేశారు, అందులో వచ్చిన తిల్లానా మోహనాంబాళ్ సీరియల్ నవలకూ వేశారు. సినిమా 1968లో వచ్చింది గానీ ఆ నాదస్వరం విద్వాన్ చొక్కా లేని భుజాలు, మెడలో గొలుసు, కోపం, అన్నీ పాఠకులు అంతకు ముందే ఆయన బొమ్మల్లో చూసేశారు. 1963లో వికటన్ వదిలి యాడ్ల కంపెనీకి వెళ్లిపోయారు. బాపు గారు ఆయనను గురువుగా చెప్పుకునేవారు. యాడ్లకు వెళ్లాడని గోపులును ఎవరైనా కార్టూనిస్టుల వరసలోంచి తీసేశారా?

ఇంకుబుడ్డి (వడపళని):
తీయలేదు సార్, ఆయనకు ఆ వరస ముందే ఉంది కాబట్టి. మాకు ఇంకా కట్టాలి. సరే, నా షరతు చెబుతాను, కుదిరితే కుదిరింది. ప్రతి బోర్డు మీదా సగానికి పైగా గడుల పేజీలు ఉండాలి. మిగిలిన చోట బయటి పని పెట్టుకోండి, కానీ తుడిచి, మెరుగులు దిద్ది ఫ్రేము కట్టింది వద్దు. బాణాలతో, షాట్ నంబర్లతో, క్లయింటు కరెక్షన్లతో ఉన్న కాగితమే తేవాలి. ఎవరికి గీశారు, ఎవరు కొట్టేశారు, ఏ బొమ్మ ఫైనల్ అయింది, పక్కన రెండు లైన్లు రాయాలి. అప్పుడు చూసేవాడికి పని కనిపిస్తుంది, హీరో ముఖం కాదు.

రెడ్‌పెన్ను (టి.నగర్):
కరెక్షన్ల కాగితాలు పెడతారంటే నా ఓటు మార్చుకోవచ్చు. ‘కళ్లు ఇంకా పెద్దవి చేయండి’ అన్న కాగితం ఎవరైనా తెస్తే దాన్ని గుమ్మానికి ఎదురుగా పెట్టండి.

పాతచందమామ (మైలాపూర్):
నాకు ఇబ్బంది లేదు. సగానికి పైగా అన్న లెక్క మాత్రం కుర్రాళ్లకు పెట్టుకోండి, గడుల పేజీ ఒక్కటీ లేని పెద్ద ఆర్టిస్టులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్లకు నేను మాటిచ్చాను. ఇంతకీ ఆ శుభలేఖ వినాయకుడు ఎవరిదో వాళ్లు ముందు బొమ్మ ఇక్కడ పెట్టండి, చూడకుండా ఎందుకు కొట్టుకోవడం.