91వ నిమిషంలో పెనాల్టీ: తప్పు ప్రణయ్ హల్దర్‌దా, కోచ్‌దా?

గ్యాలరీ_శీను
మన భారత ఫుట్‌బాల్ జట్టు హాంకాంగ్ మ్యాచ్ గురించి మొదలైన గొడవ వేరే చర్చలో దారి తప్పింది, అందుకే ఇక్కడ విడిగా పెడుతున్నా. 2025 జూన్ 10న హాంకాంగ్‌లోని కై తాక్ స్టేడియంలో 94వ నిమిషంలో పెనాల్టీ ఇచ్చి 0-1తో ఓడాం. 2024 మార్చి 26న గువాహటిలో అఫ్గానిస్తాన్‌కి 88వ నిమిషంలో ఇచ్చాం, 1-2తో ఓడాం. కానీ నాకు ఇప్పటికీ మింగుడు పడనిది 2019 జనవరి 14, షార్జా, ఆసియా కప్‌లో బహ్రెయిన్ మ్యాచ్. తొంభై నిమిషాలూ 0-0. కాసేపు ఓపిక పడితే నాకౌట్. అప్పుడు బాక్సులో మన ప్రణయ్ హల్దర్ ఫౌల్ చేశాడు, వాళ్ల జమాల్ రషీద్ పెనాల్టీ కొట్టాడు, మన కథ ముగిసింది. మన కోచ్ కాన్‌స్టాంటైన్ ఆ రాత్రి ప్రెస్‌మీట్‌లోనే తప్పుకుంటున్నానన్నాడు.

ఈ ఓటమిని ఎవరి ఖాతాలో వేద్దాం? చూసినవాళ్లు, ఆడేవాళ్లు, పిల్లల్ని ఆడించేవాళ్లు అందరూ రాయండి. ఐఎస్ఎల్ క్లబ్బుల పగలు మాత్రం బయటే వదిలి రండి.

మిడ్‌ఫీల్డ్_మధు
ఇందులో చర్చ ఏముంది? హల్దర్‌దే. బహ్రెయిన్ ఆటగాడు గోల్‌కి వీపు పెట్టి ఉన్నాడు, పక్కన మనవాళ్లు ఉన్నారు. ఎదురుగా నిలబడితే చాలు, కాలు పెట్టాల్సిన అవసరమే లేదు. పైగా ఆ రోజు కెప్టెన్ అతనే. కోచ్ వంద ప్లాన్లు వేయొచ్చు, 91వ నిమిషంలో బాక్సులో కాలు ఎక్కడ పెట్టాలో కోచ్ వచ్చి చెప్పడు కదా.

షార్జా_వాసు
మాది కాకినాడ, అప్పట్లో షార్జాలోనే ఉద్యోగం. ఆ రోజు స్టేడియంలో ఉన్నాను. బహ్రెయిన్ అభిమానుల కంటే మనవాళ్లే ఎక్కువ కనిపించారు. కేరళవాళ్ల డప్పులు ఒక పక్కన, తెలుగువాళ్లం కొంతమందిమి ఒక మూల. మొదటి ఐదు నిమిషాలు కాకముందే మన డిఫెండర్ అనస్ గాయంతో బయటికి వెళ్లిపోయాడు, అప్పుడే మా దగ్గర గొంతులు తగ్గాయి.

టీవీలో సరిగ్గా తెలియని సంగతి ఒకటుంది. రెండో సగంలో మనవాళ్లు బంతిని ఎంత దూరం తన్నినా అది అక్కడ ఆగలేదు. ముందు ఛేత్రీ ఒక్కడు, అతని చుట్టూ ముగ్గురు. తన్నిన ప్రతిసారీ అదే బంతి తిరిగి మన బాక్సు ముందుకే వచ్చేది. చివర్లో మా చుట్టూ ఉన్నవాళ్లు ఆట మానేసి ఫోన్లలో అల్ ఐన్‌లో జరుగుతున్న మన గ్రూప్‌లోని ఇంకో మ్యాచ్ స్కోరు చూస్తున్నారు. యూఏఈ, థాయ్‌లాండ్ 1-1. అంటే డ్రా చాలు. మాకు తెలిసింది, బెంచ్ మీదవాళ్లకీ తెలిసే ఉంటుంది. మా టెన్షన్ అంతా అక్కడి నుంచే. ఇక గోల్ కోసం ఎవరూ అరవలేదు, విజిల్ కోసం అరిచాం.

పెనాల్టీ ఇచ్చాక నాకు హల్దర్ మీద కోపం రాలేదు. అరగంట నుంచి ఏదో ఒకటి జరుగుతుందని అనిపిస్తూనే ఉంది, అది అతని కాలి దగ్గర జరిగింది, అంతే.

బ్లూటైగర్_బబ్లూ
వీఏఆర్ (వీడియో చూసి రెఫరీ నిర్ణయాన్ని సరిచూసే పద్ధతి) ఉంటే ఆ పెనాల్టీ నిలిచేది కాదు. మనకి ఎప్పుడూ ఇదే అన్యాయం. దోహాలో ఖతార్ మ్యాచ్ గుర్తుందా? గీత దాటి బయటికి పోయిన బంతిని లోపలికి లాగి గోల్ కొట్టారు.

టేబుల్_మాస్టర్
బబ్లూ, ఆ రెండిటినీ కలపొద్దు. 2024 జూన్‌లో ఖతార్ గోల్ అన్యాయమే, అందరూ చూశారు. షార్జాది స్పష్టమైన ఫౌల్. ఆ టోర్నీలో వీఏఆర్ క్వార్టర్ ఫైనల్స్ నుంచే వచ్చింది. గ్రూప్ దశలో ఉన్నా ఏమీ మారేది కాదు.

బ్లూటైగర్_బబ్లూ
సరే, అయినా డ్రా అయితే మూడో స్థానంలోనే కదా వెళ్లేవాళ్లం. ఆ తర్వాత ఏ పెద్ద జట్టో ఉతికి ఆరేసేది.

టేబుల్_మాస్టర్
మూడో స్థానం కాదు, రెండోది! ఎవరూ లెక్క వేయరు కాబట్టి రాస్తున్నా. 0-0 అయితే యూఏఈకి 5 పాయింట్లు, మనకి 4, థాయ్‌లాండ్‌కి 4, బహ్రెయిన్‌కి 2. పాయింట్లు సమానమైతే ముందు చూసేది ఆ రెండు జట్ల మధ్య మ్యాచ్. థాయ్‌లాండ్‌ని మనం 4-1తో ఓడించాం. 1964 తర్వాత ఆసియా కప్‌లో మనకి అదే మొదటి విజయం. కాబట్టి రెండో స్థానం మనదే. ప్రత్యర్థి చైనా. మూడు నెలల ముందే, 2018 అక్టోబరులో, వాళ్ల గడ్డ మీద సుజౌలో వాళ్లతో 0-0 ఆడి వచ్చాం. ఉతికి ఆరేయడానికి అక్కడ ఎవరూ లేరు.

ఆ ఒక్క గోల్‌తో రెండో స్థానం నుంచి నాలుగోదానికి పడ్డాం. చివరికి 3 పాయింట్లు, కొట్టింది 4, తిన్నది 4. వియత్నాంకీ 3 పాయింట్లే, గోల్స్ తేడా మనకంటే తక్కువ. కానీ వాళ్లు తమ గ్రూప్‌లో మూడోవాళ్లు, మూడోవాళ్లలో మెరుగైనవాళ్లకి నాకౌట్‌లో చోటుంది. లెబనాన్‌తో అన్నీ సమానమైతే పసుపు కార్డులు తక్కువ ఉన్నాయని ముందుకు వెళ్లారు, జోర్డాన్‌ని పెనాల్టీల్లో ఓడించి క్వార్టర్స్ దాకా చేరారు. దీన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

కోచ్_అనంత
అనంతపురం దగ్గర పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంటాను. మధు గారు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. ఆ ఫౌల్ చేయకూడనిది. కానీ అది ఎందుకు జరిగిందో చూడాలి.

హల్దర్ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్. బాక్సు బయట బంతి లాక్కోవడం అతని పని, దాన్ని గట్టిగా చేస్తాడు కాబట్టే జట్టులో ఉన్నాడు. గంటన్నర పాటు కాలు పెట్టి లాక్కోమని చెప్పి, చివర్లో అతన్ని పది గజాలు వెనక్కి నెడితే కాలు అలవాటు మారదు. బయట అదే టాకిల్‌కి ఫ్రీకిక్, లోపల పెనాల్టీ. మరి వెనక్కి ఎందుకొచ్చాడు? మొత్తం జట్టే వెనక్కొచ్చింది కాబట్టి. ఎందుకొచ్చింది? వాసు గారు చెప్పిందే, ముందు బంతి ఆపేవాడు లేడు.

ఇక్కడ కోచ్ సంగతి. థాయ్‌లాండ్ మీద గోల్ కొట్టిన అనిరుధ్ థాపాని పక్కన పెట్టి రౌలిన్ బోర్జెస్‌ని మొదలుపెట్టాడు. బోర్జెస్ చెడ్డ ఆటగాడేం కాదు. కానీ హల్దర్, బోర్జెస్ ఇద్దరూ ఒకే పని చేసేవాళ్లు, బంతి లాగి పక్కకి ఇచ్చేవాళ్లు. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని రెండు పాసులు వేసి జట్టుకి ఊపిరి తీసుకునే టైమ్ ఇచ్చేవాడు థాపా. మ్యాచ్ మొదలవకముందే ఆ టీమ్ షీట్ ‘మేం డ్రాకి వచ్చాం’ అని చెప్పేసింది.

మిడ్‌ఫీల్డ్_మధు
డ్రా చాలినప్పుడు డ్రాకి ఆడితే తప్పేంటి కోచ్ గారూ? ఇటలీ వాళ్లు దాని మీదే కప్పులు గెలిచారు. అంతకు ముందు మ్యాచ్‌లో యూఏఈ మీద ఎదురెళ్లి ఆడాం, బంతి రెండుసార్లు బార్‌కి తగిలింది, బాగా ఆడారని అందరూ మెచ్చుకున్నారు, స్కోరు 0-2. మెప్పులకి పాయింట్లు ఇవ్వరు.

ఇంకొకటి. కాన్‌స్టాంటైన్ 2015లో వచ్చినప్పుడు మన ర్యాంకు 170ల్లో ఉంది. వంద లోపలికి తెచ్చాడు. అదంతా ఇలాంటి గట్టి ఆటతోనే. అప్పుడు చప్పట్లు కొట్టి, ఒక్క రాత్రికి పిరికివాడంటే ఎలా?

కోచ్_అనంత
పిరికివాడు అనలేదు. డ్రాకి ఆడటం వేరు, బాక్సు ముందు గుంపుగా నిలబడటం వేరు. మీరు చెప్పిన ఇటలీ వాళ్లు బంతి దొరికితే దాన్ని దాచడం కూడా తెలిసినవాళ్లు. కార్నర్ జెండా దగ్గరికి తీసుకెళ్లి ఒక త్రో సంపాదిస్తారు, అరనిమిషం పోతుంది. మళ్లీ అదే. మనవాళ్లు ఆ రోజు అలా ఎన్నిసార్లు చేశారు?

బొల్లారం_బాబాయ్
మీ వాదన వింటుంటే అప్పటి మన కోచ్ రహీం సాబ్ గుర్తొస్తున్నారు. ఆయన ఆడించిన రోజులు మా నాన్న నోట విన్నవే, నేను చూసినవి కావు. 1962 జకార్తా ఆసియా క్రీడలు. జర్నైల్ సింగ్ డిఫెండర్, తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే కూర్చోబెట్టేవాళ్లు. రహీం సాబ్ అతన్ని ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద గోల్, ఫైనల్లో దక్షిణ కొరియా మీద గోల్. 2-1తో స్వర్ణం. ఆ ఫైనల్లోనూ చివర్లో కొరియా ఒక గోల్ కొట్టింది. కానీ అప్పటికి మనకి రెండు ఉన్నాయి. ఆఖరి నిమిషంలో ఒకడి కాలు జారినా మునగకుండా ముందే సర్దుకోవాలి బాబూ. కోచ్ పని అది.

గ్యాలరీ_శీను
బాబాయ్, దెబ్బ తగిలినవాణ్ణి అలా ఆడిస్తే ఇప్పుడు డాక్టరే మైదానంలోకి రానివ్వడు. 😀

బొల్లారం_బాబాయ్
రానివ్వకూడదు కూడా. ఆడించమని కాదు నేను చెప్పేది, గెలవడానికి ఆలోచించమని.

మిడ్‌ఫీల్డ్_మధు
బాబాయ్ గారూ, గౌరవంతోనే అంటున్నా, రహీం సాబ్ పేరు వచ్చిన ప్రతి చర్చా అక్కడితో ఆగిపోతుంది. ఆయనతో పోలిస్తే ఎవరు నిలుస్తారు? ఆయనకి పీకే, చునీ, బలరాం లాంటి ఫార్వర్డ్‌లు ఉన్నారు. కాన్‌స్టాంటైన్‌కి ఛేత్రీ ఒక్కడే.

గోలీ_గుంటూరు
యూనివర్సిటీ దాకా గోల్‌కీపర్‌గా ఆడాను. ఎవరూ మన కీపర్ గుర్‌ప్రీత్ మాట ఎత్తలేదేంటి? షార్జాలో అతను ఆపకపోతే 91వ నిమిషం దాకా ఈ కథ వచ్చేదే కాదు. అదే గుర్‌ప్రీత్ ఐదేళ్ల తర్వాత గువాహటిలో ఆ పెనాల్టీ ఇచ్చాడు. ఛేత్రీకి 150వ మ్యాచ్, మొదట గోల్ కొట్టింది కూడా అతనే. అఫ్గాన్ జట్టులో ముఖ్యమైనవాళ్లు చాలామంది వాళ్ల సమాఖ్యతో గొడవపడి రానేలేదు. అయినా ఓడాం.

హాంకాంగ్‌లో పెనాల్టీ ఇచ్చిన మన కీపర్ విశాల్ కైత్ విషయం కీపర్లకి బాగా అర్థమవుతుంది. గాల్లోకి వచ్చిన బంతికి బయటికి వెళ్లాలా వద్దా అని అరక్షణంలో తేల్చుకోవాలి. వెళ్తే పూర్తిగా వెళ్లాలి, పిడికిలి ముందు బంతికే తగలాలి. అతను ఆలస్యంగా వెళ్లాడు, బంతి అందలేదు, మనిషికి తగిలాడు. అది కోచ్ తప్పు అంటే నేను ఒప్పుకోను. 94వ నిమిషంలో అలసిపోయేది కాళ్లు మాత్రమే కాదు, లెక్క వేసే బుర్ర కూడా. కీపర్ పరిగెత్తకపోయినా అలసిపోతాడు.

గ్యాలరీ_శీను
హాంకాంగ్‌లో మొదటి సగంలో మన ఆషిక్‌కి దొరికిన అవకాశం గోల్ అయి ఉంటే కైత్ గురించి ఈరోజు ఎవరూ మాట్లాడరు.

గచ్చిబౌలి_పసుపు
క్లబ్ గొడవ వద్దన్నారు కానీ ఒక్కటి చెప్పి పోతా. హాంకాంగ్‌లో కోచ్ మనోలో మార్క్వెజ్. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో హైదరాబాద్ క్లబ్‌కి ఐఎస్ఎల్ కప్పు తెచ్చిపెట్టిన మనిషి కూడా ఆయనే. ఆ ఫైనల్లో కేరళ ముందుంది, టైమ్ అయిపోతోంది. బెంచ్ మీద నుంచి వచ్చిన సాహిల్ తవోరా 88వ నిమిషంలో స్కోరు సమం చేశాడు, తర్వాత పెనాల్టీల్లో మా కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. అదే మనిషి, అవే చివరి నిమిషాలు, ఫలితం తలకిందులు. అందుకని కోచ్ ధైర్యస్తుడు, కోచ్ పిరికివాడు అనే మాటలకి నేను పెద్ద విలువ ఇవ్వను. క్లబ్‌లో ఆయన రోజూ ఆ కుర్రాళ్లతో పని చేశాడు. జాతీయ జట్టుకి కొద్దిరోజుల క్యాంపు, ఒక మ్యాచ్, మళ్లీ ఎవరిదారి వాళ్లది. చివరి పది నిమిషాల ఆట అంత తక్కువ టైమ్‌లో అలవాటు కాదు.

షార్జా_వాసు
ఇది నిజం. కానీ కాన్‌స్టాంటైన్‌కి ఈ సాకు చెల్లదు. నాలుగేళ్లు ఉన్నాడు, టోర్నీకి ముందు పెద్ద క్యాంపే పెట్టారు.

మిడ్‌ఫీల్డ్_మధు
సరే, కెప్టెన్ సంగతి తేల్చండి. ఛేత్రీకి అది 107వ మ్యాచ్, భైచుంగ్ భూటియా రికార్డుతో సమానమైన రోజు. అతను మైదానంలోనే ఉండగా కెప్టెన్ బ్యాండ్ హల్దర్‌కి కట్టారు. కెప్టెన్లని మారుస్తూ పోవడం కాన్‌స్టాంటైన్ పద్ధతి. దీంట్లో మాత్రం నేను కోచ్ వైపు లేను. అలాంటి మ్యాచ్‌లో ఆఖరి పది నిమిషాలు అందర్నీ అరిచి ముందుకి నెట్టేవాడు కావాలి.

కోచ్_అనంత
బ్యాండ్ ఉంటేనే అరుస్తారా మధు గారూ? మన డిఫెండర్ ఝింగన్ బ్యాండ్ లేకుండానే అరిచే మనిషి. నా దృష్టిలో బ్యాండ్ చిన్న విషయం.

మా పిల్లలకి నేను చేయించేది రాస్తాను, పనికొస్తే వాడుకోండి. ప్రాక్టీస్ మొదట్లో కాదు, అందరూ బాగా అలసిపోయాక, ఆరుగురిని ఎనిమిది మంది మీద నిలబెడతాను. ఆరుగురు ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నారనుకోవాలి. పది నిమిషాలు. బాక్సులో కాలు పెట్టి టాకిల్ చేస్తే తగిలినా తగలకపోయినా అవతలివాళ్లకి గోల్. మొదటివారం ఏడుస్తారు. తర్వాత మనిషికీ గోల్‌కీ మధ్య నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, వాణ్ణి పక్కకి తోలడం నేర్చుకుంటారు. ఇంకో రూల్, బంతి దొరికితే మూడు పాసులు వేయకుండా దూరంగా తన్నకూడదు.

గోలీ_గుంటూరు
మీ ఆరుగురిలో కీపర్ ఉన్నాడా? ఆ మూడు పాసుల్లో అతని పాస్ లెక్కేనా? చాలామంది కోచ్‌లు కీపర్‌ని మర్చిపోతారు. ఒత్తిడిలో అతనికి బంతి ఇస్తే భయంతో తన్నేస్తాడు.

కోచ్_అనంత
కీపర్ ఏడోవాడు. లెక్కే, కాకపోతే ఒక్కసారే. రెండోసారి వెనక్కి ఇస్తే ఒప్పుకోను.

గోలీ_గుంటూరు
అయితే రెండోసారి కూడా ఒప్పుకోండి. ఎనిమిది మంది మీదికొస్తున్నప్పుడు మైదానంలో ఖాళీగా ఉండేది కీపర్ ఒక్కడే.