అప్‌డేట్: మా అమ్మాయికి రాత్రిళ్లు షుగర్ ఎందుకు పెరుగుతోందో తెలిసింది

టైప్ 1 మధుమేహం ఉన్న మా అమ్మాయి 140తో పడుకున్నా కొన్ని రాత్రులు 3 గంటలకల్లా 300 దాటుతోందని, మరికొన్ని రాత్రులు మామూలుగానే ఉంటోందని రెండు నెలల క్రితం అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. "సూది వేసే చోటు తడిమి చూడండి" అన్నవారికి మరీ మరీ.

అదే కారణం. తిరుపతిలో మేము చూపించుకునే డాక్టరు గారు తొడ మీద వేళ్లతో మెల్లగా నొక్కుతూ వెళ్లి ఒకచోట ఆగారు. నా వేలు కూడా అక్కడ పెట్టించారు. పైకి ఏమీ కనబడలేదు కానీ, లోపల రబ్బరు ముక్కలాంటి కొవ్వు గడ్డ. అక్కడ నొప్పి తెలియదని పాప రోజూ అక్కడే వేసుకునేది. ఆ గడ్డలోంచి ఇన్సులిన్ ఒకరోజు బాగా ఒంటికి పడుతుంది, ఒకరోజు పట్టదు. అందుకే మాకు లెక్క అందలేదు.

ఇప్పుడు చోటు మారుస్తున్నాం, ప్రతిసారీ కొత్త సూది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: గడ్డ లేని చోట మందు పూర్తిగా పనిచేసి షుగర్ బాగా పడిపోవచ్చు. అందుకే డాక్టరు గారు ముందే మోతాదు తగ్గించారు. అడగకుండా చోటు మార్చవద్దు.

ఎండకు ఇన్సులిన్ పాడైందన్న నా అనుమానం నిజం కాదు, కొత్త సీసాతోనూ అదే తీరు. రాత్రి సంగటి మాన్పించినా తేడా రాలేదు. పాపం, ఇష్టమైన తిండి వారం రోజులు ఊరికే దూరం చేశాను. మూడు వారాలుగా 3 గంటల రీడింగు 180 దాటలేదు.